పాత జీపుకి 7 అంగుళాల హెచ్4 హెడ్‌లైటు డూమ్ కిట్: వెలుగు బాగుంది, బిగించడంలోనే ఉంది కిటుకు

ఎంఎం 540, సీజే 500డీ లాంటి పాత మహీంద్రా జీపుల్లో మసకబారిన సీల్డ్ బీమ్ (గాజు, అద్దం, ఫిలమెంటు అన్నీ ఒకే ముద్దగా ఉండే దీపం) తీసేసి పెట్టుకోవడానికి గాజు డూమ్ (ముందు గాజు, వెనక అద్దం కలిసిన గిన్నె), డిమ్‌కీ ఫుల్‌కీ వేర్వేరు ఫిలమెంట్లుండే 60/55 వాట్ల హెచ్4 బల్బు, దాని వెనక తొడిగే రబ్బరు బూటు కలిపి కిట్టుగా అమ్ముతున్నారు. వెలుగులో పాత దీపానికీ దీనికీ పోలికే లేదు. బల్బు పోతే బల్బే మార్చుకోవచ్చు. బిగించాక ఎదుటివాళ్లు తిట్టుకుంటున్నారంటే తప్పు చాలాసార్లు కిట్టుది కాదు, బిగించినవాళ్లది.

కొనేటప్పుడు గాజు మీద బాణం గుర్తు వెతకండి. దీపానికి ఎదురుగా నిలబడి చూస్తే అది కుడివైపుకి ఉండాలి. ఎడమవైపు నడిచే మన రోడ్లకి చేసిన గాజు అదే. యూరప్ ముద్ర (వృత్తంలో E అక్షరం) ఉండి బాణం లేకపోతే కుడివైపు నడిచే దేశాలది. దాన్ని ఎంత సర్దినా డిమ్ వెలుగు ఎదుటి డ్రైవరు కళ్లలోనే పడుతుంది.

పై రింగు తీశాక గాజుని పట్టుకున్న రింగుకి 3 చిన్న స్క్రూలు కనిపిస్తాయి. విప్పాల్సింది వాటినే. పైనొకటి, పక్కనొకటి స్ప్రింగు బిగువు మీదుండే పొడుగు స్క్రూలు దీపం చూపు సర్దడానికి. తొందరలో చాలామంది వాటినే తిప్పేస్తారు. కొత్త డూమ్ వెనకున్న 3 మొనలు సీటు రింగు గాడుల్లో కూర్చోవాలి. ఒక్కటి తప్పినా గాజు ఏటవాలుగా నిలుస్తుంది, గట్టిగా బిగిస్తే అంచు పగులుతుంది. హెచ్4 ప్లగ్గూ బూటూ సీల్డ్ బీమ్ కంటే వెనక్కి ఎక్కువ చోటు తీసుకుంటాయి కాబట్టి దీపం కూర్చునే డబ్బాలో ఖాళీ ముందే చూసుకోండి. బల్బు అంచుకి 3 చెవులుంటాయి, అది ఒక్క తీరులోనే కూర్చుంటుంది. బలవంతంగా తిప్పి పెడితే డిమ్ ఫిలమెంటు కిందుండే చిన్న గిన్నె పైకి తిరిగి, వెలుగు చెట్ల కొమ్మల్లోకి పోతుంది.

కిట్టుకి నేను మార్కులు తగ్గించేది రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే స్విచ్చు) వైరింగు లేనందుకు. రెండు దీపాలకీ కలిపి 10 ఆంపియర్లు కావాలి. ఆ కరెంటంతా పాత స్విచ్చు, కాలి డిప్పర్ (కాలితో నొక్కి డిమ్, ఫుల్ మార్చే స్విచ్చు) మీదుగా వస్తే దారిలోనే వోల్టేజి తరిగిపోతుంది. 10 శాతం వోల్టేజి తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. దీపాలు వెలిగించి బ్యాటరీ దగ్గర, బల్బు ప్లగ్గు దగ్గర మీటరు పెట్టండి. తేడా అర వోల్టు దాటితే డిమ్‌కొకటి, ఫుల్‌కొకటి రిలే వేయించాల్సిందే. రిలే మీద 30 అని రాసున్న పిన్నుకి బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ ఫ్యూజుతో 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు తెండి. 87 పిన్ను నుంచి బల్బులకి ఇవ్వండి. పాత డిప్పర్ వైరు 86కి, ఎర్త్ 85కి. బల్బు ఎర్త్‌ని తుప్పు పట్టిన బాడీకి వదిలేయకుండా వేరే వైరుతో బ్యాటరీకి లాగండి. ఫుల్ వేస్తే పార్కింగు లైటు కూడా మిణుకుమంటుంటే ముందు అనుమానించాల్సింది ఎర్త్‌నే.

వెలుగు చాల్లేదని 100/90 వాట్ల బల్బు వేస్తే హోల్డరు కరుగుతుంది. ఈ డూమ్‌లో ఎల్‌ఈడీ బల్బు కూడా వద్దు. ఫిలమెంటు ఉండాల్సిన చోట దాని చిప్పు ఉండదు, డిమ్ వెలుగు పై అంచు గీత చెదిరిపోతుంది.

చివరగా చూపు సర్దడం. చదునైన నేల మీద, టైర్లలో సరైన గాలితో, గోడకి 5 మీటర్ల దూరంలో నిలపండి. డిమ్ వెలుగు పై గీత దీపం మధ్య ఎత్తుకి 5 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. వెనక ఎప్పుడూ మనుషులో సామానో ఉండే బండైతే ఆ బరువు ఎక్కించాకే సర్దండి. వెనక స్ప్రింగు పట్టీలు కుంగి బండి ముక్కు లేస్తే ఆ లెక్క చెల్లదు.