చెన్నైలో పిల్లలతో ఒక్క రోజు: మెరీనానా, వండలూరు జూనా, ఈసీఆర్ వైపా?

వేసవి సెలవులిచ్చారంటే చాలు, నెల్లూరు, ఒంగోలు, తిరుపతి నుంచి చుట్టాల ఫోన్లు మొదలు. "పిల్లలతో వస్తున్నాం, అమ్మ కూడా వస్తోంది, ఒక్క రోజు ఖాళీ ఉంది, ఎక్కడికెళ్తే బాగుంటుంది?" అని. టికెట్ ఎంత, దూరమెంత అని అడుగుతారు గానీ నా దృష్టిలో అసలు సంగతి నీడ. పొద్దున పదకొండు నుంచి మూడింటి దాకా పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఎక్కడ ఉంచుతాం అన్నది తేలిపోతే మిగతా ప్లాన్ అంతా దానంతటదే కుదురుతుంది.

మెరీనాకి వెళ్లాల్సిందే, కాదనను. కానీ పగలు మాత్రం వద్దు. రోడ్డు నుంచి నీళ్ల దాకా సగటున 300 మీటర్ల ఇసుక ఉంటుంది, మధ్యలో నిలబడదామంటే చెట్టు లేదు. ఆ ఇసుకంతా మొదట్నుంచీ ఉన్నది కాదు. 19వ శతాబ్దం చివర్లో హార్బర్ కట్టాక, తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకొచ్చే ఇసుక ఆ గోడల దగ్గర ఆగిపోయి ఇటువైపు మేట వేసింది, అవతల రాయపురం వైపేమో సముద్రం ఒడ్డును కోసేసింది. చంటిపిల్లను చంకనేసుకుని మిట్టమధ్యాహ్నం ఆ ఇసుకలో నడవడం ఎవరివల్లా కాదు. సాయంత్రం ఐదు దాటితే వేరే సంగతి. మనది తూర్పు తీరం కాబట్టి సూర్యుడు వీపు వైపు ఊళ్లోకి దిగిపోతాడు, ఎదురుగా సముద్రపు గాలి, చేతిలో మామిడి ముక్కలూ కొబ్బరీ వేసిన బఠాణీ సుండల్ పొట్లం. నీళ్లలోకి మాత్రం పిల్లల్ని దింపకండి, పాదాల దాకా తడిస్తే చాలు. అక్కడ లోపలికి లాగే ప్రవాహం బలంగా ఉంటుంది, ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. పెద్దవాళ్లు వెంట ఉంటే మెరీనా కన్నా బీసెంట్ నగర్ ఇలియట్స్ బీచ్ నయం, ఇసుకలో నడక తక్కువ, పక్కనే అష్టలక్ష్మి గుడి.

వండలూరు జూ 1855లో మొదలై 1985లో ఊరి మధ్య నుంచి ఇక్కడికి మారింది. 602 హెక్టార్లు. చెట్లకేం కొదవ లేదు, నీడకి మార్కులు వేయొచ్చు. ఇబ్బందల్లా నడక. ఒక జంతువు దగ్గర నుంచి ఇంకో జంతువు దగ్గరికి వెళ్లేసరికి చిన్నపిల్లలు "ఎత్తుకో" అంటారు. బ్యాటరీ బండ్లు ఉన్నాయి కానీ ఆదివారం వాటికోసం క్యూలో నిలబడాలి. పైగా మధ్యాహ్నం పులీ సింహం ఎక్కడో మూల పడుకునుంటాయి. ఎనిమిదేళ్లు దాటిన, నడవగల పిల్లలైతే పొద్దున గేటు తీయగానే వెళ్లండి, బాగా ఎంజాయ్ చేస్తారు.

ఇక ఈసీఆర్, అంటే చెన్నై నుంచి మహాబలిపురం వైపు తీరం వెంట వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు. నన్ను అడిగిన వాళ్లందరికీ నేను చెప్పేది ఇదే: పొద్దున మొసళ్ల పార్కు, ఎండ ముదిరేసరికి దక్షిణాది పాతకాలపు ఇళ్ల మ్యూజియం దక్షిణచిత్ర.

మద్రాస్ క్రోకడైల్ బ్యాంక్‌ని 1976లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ మొదలుపెట్టారు, అడవుల్లో మొసళ్లు కనుమరుగవుతున్న రోజుల్లో. నిండా చెట్లు, పెద్దగా నడవక్కర్లేదు, గోడ పక్కన నిలబడితే కింద పదుల కొద్దీ మొసళ్లు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. కొన్ని నోరు తెరుచుకుని అలాగే కదలకుండా ఉంటాయి, పిల్లలు మనల్ని చూసి కోపమొచ్చిందేమో అనుకుంటారు. వాటికి చెమట పట్టదు, ఒంటి వేడి తగ్గించుకోవడానికే అలా నోరు తెరుస్తాయి అని చెప్పండి, ఇంకో పది ప్రశ్నలు వేస్తారు. లోపలే ఇరుళర్లు అనే గిరిజనుల సహకార సంఘం పాముల నుంచి విషం తీసే చోటు ఉంది, దానికి టికెట్ వేరు. మన నెల్లూరు వైపు యానాదుల్లాగే పాములు పట్టడంలో ఆరితేరిన వాళ్లు. గుడ్డ కట్టిన మట్టికుండలోంచి పామును తీసి, గాజు పాత్ర మూతికి కట్టిన పొరను కరిపిస్తారు, పసుపచ్చగా చుక్కలు జారతాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర కాటుకి ఆసుపత్రిలో ఇచ్చే మందు తయారయ్యేది ఇలాంటి విషంతోనే. పల్లెల్లో బంధువులున్న పిల్లలకి ఇది తప్పకుండా చూపించాలి.

1996లో తెరిచిన దక్షిణచిత్ర మధ్యాహ్నానికి పెట్టింది పేరు, ఎందుకంటే అక్కడ చూడాల్సినవన్నీ ఇళ్లే. చెట్టినాడు మండువా, కేరళ చెక్క ఇల్లు, నల్గొండ వైపు ఇకత్ నేతగాళ్ల ఇల్లు, మన కోస్తా గుండ్రటి చుట్టిల్లు. ఎండ నుంచి నేరుగా అరుగు మీదికి, అరుగు నుంచి చల్లటి వసారాలోకి. మా అత్తయ్య ఆ చుట్టిల్లు ముందు కూర్చుని మా అమ్మాయికి పైకప్పు ఎలా నేస్తారో, తుఫాను గాలికి గుండ్రటి గోడ ఎందుకు తట్టుకుంటుందో చెప్తుంటే పక్కనున్న పిల్లలు కూడా చేరారు. కుమ్మరి సారె దగ్గర పిల్లలు చేతులు మట్టి చేసుకోవచ్చు, అక్కణ్నుంచి లేవరు, ఆ టైము ముందే లెక్కలో పెట్టుకోండి.

మహాబలిపురం గొప్పది, 1984 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది, పదిహేనేళ్ల లోపు పిల్లలకి టికెట్ కూడా లేదు. కానీ అంతా ఆరుబయట బండరాయి. తెల్లవారుజామున బయల్దేరి ఏడింటికల్లా పంచ రథాల దగ్గర ఉండగలిగితేనే వెళ్లండి, తిరుగు దారిలో మొసళ్లు ఎలాగూ తగులుతాయి. బిర్లా ప్లానిటోరియం వాన రోజుకి పనికొస్తుంది. గిండీ పాముల పార్కు ఒక పూటకి సరి. వాటర్ పార్కులకి పెద్దవాళ్లని తీసుకెళ్లకండి, వాళ్లు రోజంతా బ్యాగులకి కాపలా కూర్చోవాలి.

బయల్దేరే ముందు వారం చూసుకోండి: క్రోకడైల్ బ్యాంక్‌కి సోమవారం సెలవు, దక్షిణచిత్రకీ జూకీ మంగళవారం. ఆదివారమైతే ఈసీఆర్ మీద సాయంత్రం ట్రాఫిక్ కదలదు, రాత్రి సెంట్రల్‌లో రైలుంటే నాలుగింటికే వెనక్కి తిరగండి.