ఆడపిల్లల బోర్డింగ్ స్కూలా, కార్పొరేట్ హాస్టలా: ఆరో తరగతికి ఏది మేలు?

మా అక్క కూతురు ఐదో తరగతి ముగించిన వేసవిలో ఇంట్లో ఒకటే చర్చ. అక్కా బావా ఇద్దరివీ బదిలీల ఉద్యోగాలు కావడం వల్ల ఉన్న ఊళ్లోనే రోజూ వెళ్లి వచ్చే బడి అన్న మాట మొదట్లోనే పక్కకు పోయింది. మిగిలినవి రెండు దారులు: డెహ్రాడూన్, జైపూర్ వైపు ఆడపిల్లల కోసమే నడిచే ప్రైవేటు బోర్డింగ్ స్కూళ్లు, లేదా హైదరాబాద్ శివార్లలోని కార్పొరేట్ రెసిడెన్షియల్ క్యాంపస్. రెండు రకాల బడులకూ వాళ్లతో పాటు నేనూ వెళ్లి చూశాను.

మొదటి రకం బడులకు పాత చరిత్ర ఉంది. పరదా చాటున పెరిగే ఇళ్ల ఆడపిల్లలను చదువులోకి తేవాలని జైపూర్‌లో మహారాణి గాయత్రీదేవి తన పేరిట 1943లో పాఠశాల పెట్టించారు; డెహ్రాడూన్‌లో వెల్హామ్ గర్ల్స్ స్కూల్ 1957లో మొదలైంది. వెల్హామ్‌లో పిల్లలను బుల్‌బుల్, వుడ్‌పెకర్ వంటి పిట్టల పేర్లున్న హౌస్‌లుగా విభజిస్తారు. ఇలాంటి బడుల్లో ఆటల పోటీలు, నాటకాలు, వక్తృత్వం అన్నీ హౌస్‌ల మధ్యే నడుస్తాయి కనుక, పదకొండేళ్ల పిల్లకు తనకంటే పెద్దవాళ్లయిన అక్కలు ఒక గుంపుగా దొరుకుతారు.

మేము చూసిన బోర్డింగ్ స్కూల్లో సాయంత్రం నాలుగున్నరకు ఆడిటోరియంలోకి తీసుకెళ్లారు. తొమ్మిదో తరగతి అమ్మాయి నిచ్చెన ఎక్కి లైటు బిగిస్తోంది, కింద ఇంకో ఇద్దరు నిచ్చెన పట్టుకుని "ఇంకొంచెం ఎడమకు" అని చెబుతున్నారు. నా ఇంటర్ రోజులు గుర్తొచ్చాయి: కెమిస్ట్రీ ల్యాబ్‌లో పిపెట్, బ్యూరెట్ మగపిల్లల చేతుల్లో ఉండేవి, మేము రీడింగులు రికార్డులో రాసుకునేవాళ్లం. ఎవరూ మమ్మల్ని వద్దనలేదు, మేమూ అడగలేదు, అంతే. అందరూ ఆడపిల్లలే ఉన్నచోట నిచ్చెన ఎక్కవలసింది, జట్టుకు కెప్టెన్ కావలసింది, కాలిన ఫ్యూజు చూడవలసింది కూడా వాళ్లే. ఆడపిల్లల బోర్డింగ్ స్కూలుకు నేను వేసే పెద్ద మార్కు దీనికే.

రెండో చోట, అంటే హైదరాబాద్ కార్పొరేట్ క్యాంపస్‌లో, పాఠం బాగా చెబుతారు, అందులో నాకు సందేహం లేదు. ఆరో తరగతి నుంచే లెక్కలు, సైన్సు పునాదిని జేఈఈ, నీట్ వైపు మలుస్తారు. స్టడీ అవర్‌లో లెక్చరర్ పక్కనే కూర్చుని డౌట్లు తీరుస్తారు. ఇల్లు దగ్గర కాబట్టి పిల్లకు జ్వరం వస్తే అమ్మ ఆ రాత్రికే చేరుకోగలదు. అయితే ఆరో తరగతి గది బయట వారం వారం పరీక్షల ర్యాంకుల పట్టిక వేలాడుతోంది. గ్రౌండ్ ఎక్కడని అక్క అడిగితే మేడ మీద వల కట్టిన చోటు చూపించారు. సాయంత్రం టిఫిన్ తర్వాత మళ్లీ తరగతి, రాత్రి తొమ్మిదిన్నర దాకా స్టడీ అవర్. ఇంటర్ పిల్లలకైతే రెండేళ్ల పరుగు అని సర్దుకోవచ్చు కానీ, పదకొండేళ్ల పిల్లను ఏడేళ్లు ఆ పరుగులో పెట్టడానికి నా మనసు ఒప్పలేదు.

ఇక దూరపు బడి తెచ్చే నష్టాలూ చిన్నవి కావు. ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది, దానికి ప్రయాణాలు అదనం. తెలుగు ఇంటి మాటగా మిగిలి, రాత మరుగున పడుతుంది. అంతకంటే ముఖ్యమైనది చాలామంది తల్లిదండ్రులు ఆలస్యంగా తెలుసుకునే స్థానికత సంగతి. తెలంగాణ 2024లో తెచ్చిన జీవో 33 ప్రకారం, మెడికల్ సీట్లలో స్థానిక అభ్యర్థిగా లెక్కకు రావాలంటే సాధారణంగా తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి. అందువల్ల పిల్లకు డాక్టర్ చదువు ఉద్దేశం ఉంటే ఎనిమిది దాకా బోర్డింగ్‌లో ఉంచి తొమ్మిదికి తిరిగి తీసుకురావడమే సరైన పద్ధతి.

డబ్బు లేనివారికి ఇదంతా అందని మాట అనుకోనక్కరలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ గురుకులాల ప్రవేశ పరీక్ష ఐదో తరగతిలో చేరడానికే ఉంటుంది, అర్హత ఉన్నవారు అది తప్పక రాయించాలి. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ భువనగిరి గుట్ట మీద శిక్షణ మొదలుపెట్టి, 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. తరగతి గది బయటి కాలానికి విలువ ఇవ్వడం ఫీజు కట్టే బడుల సొత్తు కాదనడానికి నాకు ఆ ఒక్క పేరు చాలు.

మా ఇంట్లో చివరికి తేలింది ఇది: ఎనిమిది దాకా ఆడపిల్లల బోర్డింగ్, ఆ తర్వాత హైదరాబాద్. బావ ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. పిల్ల మాత్రం మొదటి సెలవులకు వచ్చినప్పుడు నన్ను స్టూలు పట్టుకోమని, "పిన్నీ, కదలకు" అంటూ ఎక్కి హాల్లోని ట్యూబ్‌లైటు తనే మార్చింది.