టానా ఫ్రెంచ్: ‘ఇన్ ద వుడ్స్’తో మొదలుపెట్టడం మేలా, ‘ఫెయిత్‌ఫుల్ ప్లేస్’తోనా?

ఐరిష్ మిస్టరీ నవలలు చదవాలనుకునేవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్న ఇది. రచయిత్రి టానా ఫ్రెంచ్ డబ్లిన్ డిటెక్టివ్‌ల మీద రాసిన సిరీస్‌లో ‘ఇన్ ద వుడ్స్’ మొదటిది, ‘ఫెయిత్‌ఫుల్ ప్లేస్’ మూడోది. ‘ఇన్ ద వుడ్స్’ను కొందరు నెత్తిన పెట్టుకుంటారు. ఇంకొందరు చివరి పేజీ తిప్పాక పుస్తకాన్ని గోడకేసి కొట్టాలనిపించిందంటారు. ‘బానే ఉంది’ అని ఊరుకునేవాళ్ళు మాత్రం అరుదు. తొలి నవలకిచ్చే ఎడ్గార్ అవార్డును 2008లో గెలుచుకున్న పుస్తకం మీద ఇన్నేళ్ళయినా తగువు తెగలేదు.

హంతకులెవరో ఇక్కడ ఎక్కడా చెప్పను. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పేయాలి, తగువంతా దాని మీదే కాబట్టి. ‘ఇన్ ద వుడ్స్’లో రెండు కేసులుంటాయి. తేలేది ఒకటే.

1984 వేసవిలో డబ్లిన్ శివారు నాక్‌నరీలో ముగ్గురు పిల్లలు అడవిలోకి వెళ్తారు. ఒక్కడే దొరుకుతాడు. చెట్టుకు వీపు ఆనించి, బెరడులోకి గోళ్ళు దిగబడేలా పట్టుకుని నిలబడి ఉంటాడు. బూట్లలో రక్తం, టీషర్టు వెనక వరసగా చీలికలు. ఏం జరిగిందో వాడికి గుర్తుండదు. ఆ పిల్లాడే ఇరవై ఏళ్ళ తర్వాత పేరు మార్చుకుని రాబ్ ర్యాన్ అనే డిటెక్టివ్ అవుతాడు. అదే చోట పన్నెండేళ్ళ కేటీ డెవ్లిన్ శవం దొరికితే, తానెవరో పై అధికారులకు చెప్పకుండా కేసు చేతిలోకి తీసుకుంటాడు. కేటీని చంపిందెవరో తెలుస్తుంది. ఆ ఇద్దరు పిల్లలు ఏమయ్యారో తెలియదు. నవల అయిపోతుంది.

ఆఖరి అధ్యాయంలో డిటెక్టివ్ అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి ముడులన్నీ విప్పే పాకెట్ నవలలు చదివి పెరిగిన మనకు ఇది కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టే ఉంటుంది. ఆ కోపం న్యాయమైనదే. పుస్తకం మొదటి పేజీ నుంచీ ఆశ పెట్టింది పాత కేసు మీదే. ఘటనా స్థలంలో దొరికిన హెయిర్‌క్లిప్పు మొదలుకుని రాబ్‌కు తునకలు తునకలుగా గుర్తొచ్చే దృశ్యాల దాకా అన్నీ ఆ వైపుకే లాగుతాయి. అంత లాగి వదిలేస్తే పాఠకుడు ఊరుకుంటాడా?

కానీ రచయిత్రి మోసం చేసిందన్న మాట ఒప్పుకోవడం కష్టం. తాను సత్యం కోసం పరితపిస్తాననీ, అబద్ధాలు చెబుతాననీ రాబ్ మొదటి అధ్యాయంలోనే పాఠకుడికి చెప్పేస్తాడు. అది గుర్తుపెట్టుకుని చదివితే దారి ముందే కనబడుతుంది. జ్ఞాపకం ఎప్పుడు దగ్గరికొచ్చినా అతనే వెనక్కి జారుకుంటుంటాడు. తాగుతాడు, పడుకోడు, తనతో జోడీగా పనిచేసే డిటెక్టివ్ క్యాసీ మ్యాడక్స్ మీద విరుచుకుపడతాడు. పాత కేసు తేలకపోవడానికి సాక్ష్యం లేకపోవడం ఒక్కటే కారణం కాదు. ఉన్న ఒకే సాక్షి అడవి అంచు దాకా వెళ్ళి నిలబడిపోయే మనిషి.

మిగతా ఫిర్యాదుల్లో ‘హంతకుణ్ణి సగంలోనే పట్టేశా’ అన్నది నిజమే. క్రైమ్ నవలలు బాగా చదివినవాళ్ళకు సగం దాటేసరికి అనుమానం వచ్చేస్తుంది. అక్కణ్ణుంచి, మనకు కనబడేది రాబ్‌కు ఎందుకు కనబడదన్నదే పుస్తకం. ‘రాబ్ క్యాసీతో ప్రవర్తించిన తీరు భరించలేం’ అన్నదీ నిజమే, రచయిత్రి భరించమని అడగలేదు కూడా. నిడివి గురించి ఏడ్చేవాళ్ళ మాట మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. మధ్యలో ఇంటరాగేషన్లు, క్యాసీ ఇంట్లో ముగ్గురు పోలీసులూ వండుకు తింటూ కేసు చర్చించుకునే సాయంత్రాలు ఒక వంద పేజీలు తగ్గినా నష్టం లేదు.

ఇక ఐరిష్ చరిత్ర సంగతి. నా దృష్టిలో ఈ నవలల మధ్య ఏది ముందన్నది తేల్చేది ఇదే: ఆ దేశపు చరిత్ర నేరం లోపలికి వెళ్ళిందా, గోడకు తగిలించిన పటంలా ఉండిపోయిందా?

‘ఇన్ ద వుడ్స్’లో కేటీ శవం దొరికేది పురావస్తు తవ్వకాల్లో, కంచు యుగపు బలిపీఠం రాతి మీద. కొన్ని వారాల్లో ఆ స్థలం మీంచి మోటార్‌వే పడాలి. తవ్వేవాళ్ళు రేయింబవళ్ళు పరుగులు పెడుతుంటారు, అడ్డుకోవాలని ఉద్యమం నడుపుతున్నది చనిపోయిన పిల్ల తండ్రే. ఇది గాల్లోంచి పుట్టింది కాదు. డబ్లిన్ దక్షిణాన క్యారిక్‌మైన్స్ దగ్గర మధ్యయుగపు కోట శిథిలాల మీంచి ఎం50 రహదారి వేయడం మీద ధర్నాలూ కోర్టు కేసులూ నడిచాయి, ఆ భాగం 2005లో తెరుచుకుంది. ఐర్లాండ్ మహారాజుల పీఠంగా చెప్పుకునే తారా కొండ పక్క లోయలోంచి ఎం3 వేశారు, అది 2010లో తెరుచుకుంది. నవల వచ్చిన 2007లో ఆ గొడవ రగులుతూనే ఉంది. డబ్లిన్ చుట్టూ పొలాలను ప్లాట్లుగా మార్చడంలో రాజకీయ నాయకులు తిన్న లంచాల మీద 1997లో వేసిన ట్రిబ్యునల్ తుది నివేదిక ఇవ్వడానికి 2012 అయింది. నవలలో మూడో డిటెక్టివ్ శామ్ ఓ’నీల్ భూమి పత్రాలు పట్టుకుని తిరిగే భాగం చాలామందికి విసుగనిపిస్తుంది. ఈ నేపథ్యం తెలిస్తే అదే భాగం మరోలా చదువుకోవచ్చు. రహదారి కోసం భూములు ఎప్పుడు ఎవరు కొన్నారన్న కథ హైదరాబాద్ ఓఆర్ఆర్ చుట్టుపక్కల వాళ్ళకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

అయినా చిక్కొకటుంది. ఈ భూమి గొడవంతా తీసి పక్కన పెట్టినా కేటీ హత్య దాదాపు అలాగే జరుగుతుంది. చరిత్ర ఇక్కడ పోలికగా పనిచేస్తుంది, రాబ్ తన గతాన్ని కప్పెట్టినట్టే దేశమూ తన గతం మీద తారు పోస్తోందని. తేలని పాత కేసుకు ఈ పోలిక గొప్పగా అతుకుతుంది. కానీ మొదటిసారి చదివేవాడికి, ఐర్లాండ్ సంగతులు పెద్దగా తెలియనివాడికి, అది అందదు. అందేది ఆఖర్లో చెయ్యిచ్చిన పుస్తకం మాత్రమే.

‘ఫెయిత్‌ఫుల్ ప్లేస్’ (2010) దీనికి తలకిందులు. 1985 డిసెంబరు రాత్రి, డబ్లిన్ లిబర్టీస్ పేటలో, పందొమ్మిదేళ్ళ ఫ్రాంక్ మ్యాకీ వీధి చివర దీపస్తంభం దగ్గర రోజీ డేలీ కోసం నిలబడి ఉంటాడు. ఇద్దరూ ఫెర్రీ ఎక్కి ఇంగ్లండ్ పారిపోవాలి. ఆమె రాదు. తనను వదిలి ఒంటరిగా వెళ్ళిపోయిందనుకుని అతనూ ఇంటికి తిరిగి వెళ్ళడు. డబ్లిన్‌లోనే ఉండిపోయి, పోలీసై, అండర్‌కవర్ పనిలో చేరతాడు. ఇరవై రెండేళ్ళ తర్వాత చెల్లెలు జాకీ ఫోన్ చేస్తుంది. వీధిలో పాడుబడ్డ 16వ నంబరు ఇంటిని పనివాళ్ళు ఊడదీస్తుంటే చలిమంట గూడు వెనక రోజీ సూట్‌కేసు దొరికిందని.

ఇందులో వలస తీసేస్తే నేరమే ఉండదు. 1980ల నడుమ ఐర్లాండ్‌లో నిరుద్యోగం 17 శాతం దరిదాపుల్లో ఉండేది. చదువున్నా లేకున్నా కుర్రాళ్ళు లండన్‌కో అమెరికాకో పడవో విమానమో ఎక్కేవాళ్ళు. వెళ్ళిపోయినవాళ్ళ కథలు ఐరిష్ సాహిత్యం నిండా ఉన్నాయి. ఈ నవల ఉండిపోయినవాళ్ళ లెక్క అడుగుతుంది. తాగి కొట్టే తండ్రి, నోటితో పొడిచే తల్లి, ఇరుకు ఇంట్లో అయిదుగురు పిల్లలు. ఒకరు గడప దాటితే ఆ బరువు మిగిలినవాళ్ళ మీద పడుతుంది. డాలస్‌లోనో డబ్లిన్‌లోనో పిల్లలున్న తెలుగు ఇళ్ళలో, అమ్మానాన్నల దగ్గర ఎవరుండాలన్న మాట వచ్చినప్పుడు అన్నదమ్ముల మధ్య పడే మౌనం తెలిసినవాళ్ళు మ్యాకీల భోజనాల బల్ల దగ్గర ఇట్టే సర్దుకుంటారు.

ఇంకోటి, పోలీసులకు నోరు విప్పకపోవడం. బ్రిటిష్ పాలన నాటి నుంచీ ఐర్లాండ్‌లో ఇన్ఫార్మర్ అన్న ముద్రకు మించిన తిట్టు లేదు. ఫ్రాంక్ పోలీసయ్యాడంటే ఆ వీధికి పరాయివాడే, కన్నతల్లి దగ్గర కూడా. సాక్ష్యం దొరకకపోవడానికి ఇక్కడ మతిమరుపు సాకు అవసరం లేదు. అందరికీ అంతో ఇంతో తెలుసు, ఎవరూ చెప్పరు. పైగా కేసు తేలుతుంది. తేలాక దాని ఖరీదు ఎవరు కట్టారన్నదే చివరి వంద పేజీలు. ఫ్రాంక్ తొమ్మిదేళ్ళ కూతురు హాలీతో మాట్లాడే ఘట్టాలు ఫ్రెంచ్ రాసిన అన్నిట్లోకీ ఎత్తైనవని నా అభిప్రాయం.

లోపాల్లేవని కాదు. అనుమానితుల జాబితా చిన్నది, కాబట్టి ఇక్కడా హంతకుణ్ణి ముందే పసిగట్టవచ్చు. సంభాషణలు డబ్లిన్ కార్మిక పేటల యాసలో ఉంటాయి. ‘యువర్ మ్యాన్’ అంటే ఎవరి మొగుడూ కాదు, ‘వాడు’ అని. ‘గ్యాఫ్’ ఇల్లు, ‘యోక్’ ఏదో వస్తువు, ‘ఈజిట్’ వెధవాయి. ముప్ఫై నలభై పేజీలకు చెవి అలవాటు పడుతుంది. పడకపోతే ఆడియోబుక్ పెట్టుకుని పుస్తకం చేతిలో ఉంచుకోవడం మంచి ఉపాయం. ‘ఇన్ ద వుడ్స్’కు ఈ ఇబ్బంది లేదు. రాబ్‌ను చిన్నప్పుడే ఇంగ్లండ్ బోర్డింగ్ స్కూలుకు పంపేశారు, అతను కథ చెప్పే భాషా అలాగే ఉంటుంది.

సిరీస్‌లో మూడోదానితో మొదలుపెడితే కథ తెగదా అని అడుగుతారు. తెగదు. ఒక్కో నవలకు ఒక్కో కథకుడు. ఒకదాంట్లో పక్కన కనిపించిన మనిషి మరోదాంట్లో ‘నేను’ అవుతాడు, అంతే. ఫ్రాంక్ రెండో నవల ‘ద లైక్‌నెస్’లో క్యాసీకి పై అధికారిగా కనిపిస్తాడు. అది చదవకపోయినా ఇక్కడ పోయేదేమీ లేదు. ఒక్క జాగ్రత్త: ‘ద లైక్‌నెస్’ను మాత్రం ‘ఇన్ ద వుడ్స్’ కంటే ముందు పట్టుకోవద్దు. రాబ్, క్యాసీల మధ్య ఏమైందో, కేటీ కేసు ఏమైందో అందులో మొదట్లోనే బయటపడిపోతుంది.

పోలీసు స్టేషన్ వాసనే వద్దనుకునేవాళ్ళకు ‘ద సర్చర్’ (2020) ఉంది. షికాగోలో రిటైరైన పోలీసు క్యాల్ హూపర్ పశ్చిమ ఐర్లాండ్ పల్లె ఆర్డ్‌నకెల్టీలో పాత ఇల్లు కొనుక్కుంటాడు. ట్రే అనే పిల్ల తన అన్నను వెతికిపెట్టమని వెంటపడుతుంది. పాత రాతబల్లకు రంగు గీకడం, చెట్టు మీద కాకుల గుంపుతో పరిచయం పెంచుకోవడం, పొలాల్లో గొర్రెలు ఎవరో కోసినట్టు చచ్చిపడి ఉండటం, పబ్బులో దొంగసారా పోయిస్తూనే ఊరివాళ్ళు నవ్వుతూ హెచ్చరించడం. వేగం తక్కువ, ముగింపు గట్టిగానే ఉంటుంది. ఇది నచ్చితే దాని తరువాయి ‘ద హంటర్’ (2024). వరస మార్చకూడదు.

‘బ్రోకెన్ హార్బర్’ (2012) 2008 ఆర్థిక పతనం తర్వాత సగం కట్టి వదిలేసిన కాలనీల కథ. బాగుంటుంది, కానీ మూడోదో నాలుగోదో అయితే మేలు. ‘ద సీక్రెట్ ప్లేస్’ స్కూలు పిల్లల మాటలు భరించగలిగితేనే. ఫ్రెంచ్ కాకుండా వేరే ఎవరైనా అంటే, 1950ల డబ్లిన్, చర్చి పెత్తనం కావాలంటే బెంజమిన్ బ్లాక్ పేరుతో జాన్ బాన్‌విల్ రాసిన ‘క్రిస్టీన్ ఫాల్స్’, ఉత్తర ఐర్లాండ్ జైల్లో ఐరిష్ రిపబ్లికన్ ఖైదీలు చేసిన 1981 నిరాహారదీక్షల కాలం కావాలంటే ఏడ్రియన్ మెకింటీ ‘ద కోల్డ్ కోల్డ్ గ్రౌండ్’. రెండూ నిడివిలో చిన్నవి.

కాబట్టి ముందు ‘ఫెయిత్‌ఫుల్ ప్లేస్’, వెంటనే ‘ఇన్ ద వుడ్స్’. ఈ వరసలో చదివితే ఫ్రెంచ్ నవలల్లో కేసు తేలడమంటే ఏమిటో ముందే తెలిసి ఉంటుంది, తేలని కేసు మీద అంత ఉక్రోషం రాదు. ఇప్పటికే ‘ఇన్ ద వుడ్స్’ సగంలో ఆపేసినవాళ్ళు మళ్ళీ మొదటికి పోనక్కర్లేదు. మొదటి అధ్యాయంలో రాబ్ తన గురించి చెప్పుకున్న రెండు మూడు పేజీలు తిరగేసి, ఆపిన చోటు నుంచే సాగించవచ్చు.

2019లో వచ్చిన ‘డబ్లిన్ మర్డర్స్’ టీవీ సిరీస్‌ను మాత్రం పుస్తకాల తర్వాతే చూడండి. సిరీస్‌లో మొదటి రెండు నవలలనూ (‘ఇన్ ద వుడ్స్’, ‘ద లైక్‌నెస్’) కలిపి ఎనిమిది ఎపిసోడ్లలో కుదించారు. చూసేస్తే ఒక్క దెబ్బకు రెండూ చెడతాయి.