బాస్ సీఈ-2 కోరస్, బీఎఫ్-2 ఫ్లాంజర్: ఒక్కటే కొనాలంటే ఏది?

ఈ రెండూ బాస్ (Boss) కంపెనీ గిటార్ పెడల్స్, అంటే గిటార్ సౌండ్‌ని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టెలు. లేత నీలం రంగు సీఈ-2 కోరస్ 1979లో వచ్చింది, ఊదా రంగు బీఎఫ్-2 ఫ్లాంజర్ 1980లో. రెండూ సెకండ్ హ్యాండ్‌వే కొన్నాను. చర్చిలో ఆదివారం ఆరాధనకీ, బయట ప్రోగ్రామ్‌లకీ ఏళ్లుగా వాడుతున్నాను. ఒక్కటే కొనగలిగేవాళ్లకి నేను చెప్పేది ఫ్లాంజరే.

లోపల రెండూ చేసే పని దాదాపు ఒకటే. గిటార్ సౌండ్‌ని రెండు పాయలు చేసి, ఒకదాన్ని బీబీడీ అనే, సౌండ్‌ని ఆలస్యం చేసే చిప్ ద్వారా కొన్ని మిల్లీ సెకన్లు ఆలస్యంగా పంపి, ఆ ఆలస్యాన్ని పెంచుతూ తగ్గిస్తూ అసలు సౌండ్‌తో కలుపుతాయి. ఫ్లాంజర్‌లో ఆలస్యం ఇంకా తక్కువకి దిగుతుంది. పైగా బయటికొచ్చిన సౌండ్‌లో కొంత మళ్లీ లోపలికి వెళ్తుంది. తలమీద జెట్ విమానం పోతున్నట్టుండే ఆ ఊపు అక్కడిదే.

సీఈ-2కి రేట్, డెప్త్ రెండే నాబ్‌లు. ఎలా తిప్పినా చెడ్డగా వినిపించదు, అదే దాని గొప్ప. క్లీన్ టోన్‌లో తీగలు ఒక్కొక్కటిగా మీటుతూ వాయిస్తే సౌండ్ వెచ్చగా, నిండుగా పరుచుకుంటుంది. పాడేవాళ్ల గొంతుకి అడ్డురాదు. డెప్త్ మరీ పెంచితే మాత్రం శ్రుతి ఊగుతుంది, కీబోర్డ్‌తో కలిసి వాయించేటప్పుడు అది ఇబ్బందే. నేను సగం కూడా దాటనివ్వను.

బీఎఫ్-2లో నాలుగు నాబ్‌లు: మాన్యువల్, డెప్త్, రేట్, రెజొనెన్స్. దీనితో కూర్చుని కొంతకాలం కుస్తీ పట్టాలి. రెజొనెన్స్ పూర్తిగా తగ్గించి, రేట్ నెమ్మదిగా పెడితే చక్కటి కోరస్ వస్తుంది. సీఈ-2 అంత మెత్తగా ఉండదు, కాస్త పదును ఎక్కువ. కానీ డ్రమ్స్, బేస్ కలిశాక ఆ పదునే గిటార్‌ని విడిగా వినిపిస్తుంది. డెప్త్ సున్నాకి తెచ్చి మాన్యువల్ మాత్రమే తిప్పితే ఊపు ఆగిపోయి, ఇనుప గొట్టంలోంచి వస్తున్నట్టు ఒక స్థిరమైన టోన్ మిగులుతుంది. చిన్న చిన్న మ్యూటెడ్ రిథమ్‌లకి నాకు అదెంతో ఇష్టం. డిస్టార్షన్ (సౌండ్‌ని గరుకుగా చేసే) పెడల్ తర్వాత పెట్టి, రేట్ బాగా తగ్గించి పెద్ద కార్డ్ పట్టుకుంటే ఒక్క కార్డే పాటంతా మోస్తుంది. ఈ పనులేవీ కోరస్ చేయలేదు.

సన్నటి బుస రెండింటిలోనూ ఉంటుంది. బీబీడీ పెడల్ అన్నాక అది తప్పదు. రెజొనెన్స్ ఎక్కువ పెడితే ఇంకా బయటపడుతుంది, అందుకే పాట మధ్య మౌనంలో ఫ్లాంజర్ ఆపేస్తాను.

ధర విషయమూ ఉంది. సీఈ-2 మోజు వల్ల చాలా పైకి పోయింది. పైగా ఆ సౌండ్ కావాలంటే 2016లో వచ్చిన సీఈ-2డబ్ల్యూ ఉంది. స్టీరియోతో పాటు, 1976 నాటి సీఈ-1 సౌండ్ కూడా అందులో ఉంది. బీఎఫ్-2 ఎక్కువ కాలం తయారైంది కాబట్టి వెతికితే దొరుకుతుంది.

పాతవి కొనేముందు అడాప్టర్ సాకెట్ దగ్గర ఏం రాసుందో చూడండి. ఏసీఏ (బాస్ పాత రకం అడాప్టర్ పేరు) అని ఉంటే, విడివిడి అవుట్‌పుట్‌లున్న ఇప్పటి 9 వోల్ట్‌ల సప్లైకి తగిలించినప్పుడు లైట్ మసకగా వెలిగి సౌండ్ నీరసంగా వస్తుంది. పెడల్ పాడైందని టెన్షన్ పడొద్దు. ముందు కొత్త బ్యాటరీ వేసి వినండి. ఒకే అడాప్టర్ నుంచి వైరు పంచుకుంటూ పీఎస్ఏ (బాస్ తర్వాతి రకం అడాప్టర్) అని రాసున్న పెడల్‌తో కలిపి వాడితే మామూలుగా పనిచేస్తుంది. నా రెండూ అలాగే నడుస్తున్నాయి.