వానాకాలంలో బట్టల డ్రయర్: ఏ బట్టకు ఏ సెట్టింగ్

హన్మకొండలో ఎండాకాలం డ్రయర్‌తో పని లేదు, డాబా మీద దండెం చాలు. జూలైలో ముసురు పట్టిందంటే మాత్రం బాల్కనీలో ఆరేసిన జీన్స్ నడుము పట్టీ దగ్గర రెండ్రోజులైనా తడి పోదు, బనీన్లకు ముక్కిన వాసన పడుతుంది. ఏడు కిలోల వెంటెడ్ డ్రయర్‌ని (తడిగాలిని గొట్టంతో బయటికి వదిలే రకం) కొన్ని వానాకాలాలుగా వాడుతున్నా. అన్ని ప్రోగ్రాంలూ తిప్పి చూశాక చెప్తున్నా, ముందు బట్టలను మందాన్ని బట్టి విడదీయండి, ఆ తర్వాతే బటన్ నొక్కండి. రంగు చూసేది ఉతికేటప్పుడు. టవళ్లతో పాటు పాలిస్టర్ చుడీదార్ వేస్తే అది తొందరగా ఆరిపోయి, టవల్ ఆరేదాకా ఊరికే వేడికి తిరుగుతూనే ఉంటుంది. నెల తిరిగేసరికి దాని మెరుపు పోతుంది.

టవళ్లు, లుంగీలు, కాటన్ నైటీలకు ఎక్కువ వేడి, కబోర్డ్ డ్రై, అంటే తీసి నేరుగా బీరువాలో పెట్టేంత పొడిగా. చొక్కాలకు ఐరన్ డ్రై పెట్టండి, కొంచెం చెమ్మ ఉండగానే ఆగుతుంది, అప్పుడు ఇస్త్రీ పెట్టె జారుకుంటూ పోతుంది, నాకు ఈ మిషన్‌లో బాగా నచ్చింది ఇదే. పిల్లల యూనిఫాం, ఎలాస్టిక్ ఉన్న లోయర్లు, లెగ్గింగ్స్ తక్కువ వేడిలోనే. జీన్స్ తిరగేసి జిప్ పెట్టి వేయాలి. డబుల్ చద్దర్ అయితే తిరిగి తిరిగి మూటలా చుట్టుకుపోతుంది, పైన కరకరలాడుతుంటుంది, మధ్యలో చెయ్యి పెడితే పిండినట్టే తడి. సగంలో ఆపి దులిపి మళ్లీ వేయడం తప్ప దారి లేదు.

సెన్సర్ ప్రోగ్రాం మంచిదే కానీ అది ఎలా పనిచేస్తుందో తెలియాలి. డ్రమ్ము దగ్గర రెండు లోహపు పట్టీలు ఉంటాయి, తడి బట్ట వాటికి తగిలితే కొద్దిగా కరెంటు పారుతుంది, దాన్ని బట్టే తేమ లెక్క. రెండే బట్టలు వేస్తే సరిగ్గా తగలక, ఆరకముందే ఆగిపోతుంది, అలాంటప్పుడు టైమర్ వాడండి. కండిషనర్ లిక్విడ్ పొర ఆ పట్టీలకు పట్టినా ఇదే తంటా, అప్పుడప్పుడు తడిగుడ్డతో తుడవాలి. తెర మీద కనిపించే టైం మాత్రం నమ్మకండి, 20 నిమిషాలని చూపిస్తూ ముప్పావుగంట నడుస్తుంది.

ప్రతిసారీ జాలీ తీసి నూగు దులపాల్సిందే, టవళ్ల తర్వాత అరచేతి నిండా వస్తుంది. అది మూసుకుపోతే గాలి ఆడదు, కరెంటు దండగ, పైగా నిప్పు భయం. వంటింట్లో నూనె తుడిచిన మసిగుడ్డలు ఉతికినా సరే లోపల వేయకండి, మిగిలిన నూనె వేడెక్కి దానంతటదే అంటుకోవచ్చు. చివర్లో చల్లగాలి తిరిగే ఆ కొద్ది నిమిషాలు కూడా ఆపొద్దు, ముడతలు తగ్గేదీ అక్కడే. పట్టు, ఉన్ని, కొత్తవాడ జంపఖానాలు డ్రయర్ దాకా రానే కూడదు.

ఖర్చు సంగతి: మాది 2000 వాట్ల పైనే, అంటే గంటకు రెండు యూనిట్లు దాటుతుంది. అందుకే వాషింగ్ మెషిన్‌లోనే స్పిన్ 1200 (నిమిషానికి 1200 చుట్లు) పెట్టి నీళ్లు బాగా పిండించాలి. హీట్ పంప్ రకం (ఒకసారి పుట్టిన వేడినే మళ్లీ మళ్లీ వాడుకునేది) ధర ఎక్కువ, టైమూ ఎక్కువ పడుతుంది కానీ కరెంటు సగం కూడా తాగదు, వేడి తక్కువ కాబట్టి బట్టకూ మంచిది. రోజూ వాడే ఇల్లైతే అదే తీసుకోండి. వెంటెడ్ అయితే గొట్టం బయటికి పెట్టే కిటికీ, 16 ఆంపియర్ల సాకెట్ ఉన్నాయా అని ముందే చూసుకోండి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు మాత్రం అస్సలు తగిలించకండి.