ఆబ్యానేలో జనం 305 (2006 లెక్క), గది అద్దెకి ఒక సున్నా ఎక్కువ

ఇరాన్‌లో ఎవరు ధర చెప్పినా ముందు అది రియాలా, తొమానా అని అడగండి. పది రియాళ్లు ఒక తొమాను. నోట్ల మీద ఉండేది రియాల్, జనం నోట పలికేది తొమాన్. మేం అడగలేదు.

2024 ఏప్రిల్‌లో వెళ్లాం. అప్పుడు విమానంలో వెళ్లే మనవాళ్లకి 15 రోజుల వరకు వీసా అక్కర్లేదు. టెహ్రాన్, ఇస్ఫహాన్ హాయిగా గడిచిపోయాయి. కాషాన్‌లో టాక్సీ మాట్లాడుకుని ఆబ్యానే అనే కొండపల్లెకి బయల్దేరాం. రానూపోనూ 12 లక్షల తొమాన్లు, అంటే మన 1,600 దాకా. దారిలో నతంజ్ అణుకేంద్రం దాటేదాకా ఫోన్ బయటికి తీయొద్దన్నాడు డ్రైవర్. మా బాబాయికి ఆ పది నిమిషాలూ టెన్షనే.

బాబాయి పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరయ్యాడు. ఏ ఊళ్లో కాలు పెట్టినా జనాభా అడగాల్సిందే. నేను చదివి పెట్టుకున్న లెక్క చెప్పాను: 2006 జనగణనలో 160 కుటుంబాలు, 305 మంది. "ఇంటికి ఇద్దరు కూడా లేరేంటమ్మాయ్!" అన్నాడు. నిజమే. కర్కస్ కొండ వాలంతా ఎర్రమట్టి ఇళ్లు, సగం తలుపులకి తాళాలు. తలుపు తట్టడానికి మగవాళ్లకో కడ్డీ, ఆడవాళ్లకో రింగు. మేం తిరిగిన వీధుల్లో తట్టినా పలికేవాళ్లున్నట్టు లేదు. పూల తెల్లగుడ్డ తలకి కట్టుకున్న ముసలమ్మలు మెట్ల మీద లవాషక్ అమ్ముతున్నారు. అచ్చం మన తాండ్రే, కాకపోతే పులుపెక్కువ.

ఆబ్యానేది ఇస్ఫహాన్ రాష్ట్రం, నతంజ్ జిల్లా, బర్జ్‌రూద్ దెహెస్తాన్. దెహెస్తాన్ అంటే కొన్ని పల్లెల గుంపు. ఊరికి ఎన్నికైన షూరా, అంటే ఊరి మండలి, ఉంటుంది, అది ఎంచుకున్న దెహ్‌యార్ పనులు చూస్తాడు. "అంటే నా ఉద్యోగమే," అని బాబాయి తెగ సంబరపడ్డాడు. అటు గీలాన్ రాష్ట్రంలో మాసూలే అనే ఊరుంది. కింది ఇంటి కప్పే పై ఇంటికి ముంగిలి. అదే లెక్కలో 180 కుటుంబాలు, 554 మంది, అయినా కాగితాల్లో అది నగరం! అది మాత్రం బాబాయికి మింగుడుపడలేదు. "అయిదొందల మందికి మున్సిపాలిటీయా?" అని రాత్రి దాకా గొణిగాడు.

ఇక బస. గది "వన్ మిలియన్ ఫైవ్ హండ్రెడ్" అన్నాడు యజమాని. 15 లక్షల రియాళ్లే అనుకున్నాం. 200 రూపాయలకి ఇంత పాత ఇల్లా అని మావారు గాల్లో తేలిపోయారు. రెండు వేల మీటర్ల పైన ఊరు, రాత్రి వణికించే చలి, హీటర్ సగంలో ఆగింది, కుళాయిలో వేడినీళ్లు పావుగంటే. పొద్దున లెక్కపెట్టి ఇస్తే అతను నవ్వి, కాగితం మీద ఇంకో సున్నా రాశాడు. అతను చెప్పింది తొమాన్లలో. కోటిన్నర రియాళ్లు, అంటే 2,000 రూపాయలు! మన కార్డులు అక్కడ పనిచేయవు, చేతిలో ఉన్న డాలర్లు తీయక తప్పలేదు. మావారు కాషాన్ చేరేదాకా మాట్లాడలేదు. అతను మోసం చేశాడనలేను గానీ, ఆ హీటర్‌కి 2,000 ఎక్కువే.

నా సలహా: పొద్దున్నే వెళ్లి చీకటి పడేలోగా కాషాన్ వచ్చేయండి. పాలపదార్థాలు తిననివాళ్లు కష్క్ లేని వంకాయ కూర కావాలని ముందే చెప్పండి, కష్క్ అంటే పెరుగుతో చేసేది. లవాషక్ రెండు చుట్టలు ఎక్కువే కొనండి. మేం తెచ్చిన దాంట్లో ఒకటి విమానం ఎక్కేలోగా బాబాయే ముగించాడు.