నవజాత శిశువుల వార్డు శుభ్రతకు ఏది మేలు: ఫినాయిలా, బ్లీచింగా, సబ్బునీళ్లా?

ఎస్‌ఎన్‌సీయూ (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగం) తలుపు తీయగానే ఫినాయిల్ వాసన గుప్పుమంటే వార్డు శుభ్రంగా ఉందని బంధువులు స్థిమితపడతారు. నిజానికి ఆ వాసన గాలిలో కలిసిన రసాయనమే. నెలలు నిండని బిడ్డ తన బరువుతో పోల్చితే పెద్దవారికన్నా ఎక్కువ గాలి పీలుస్తుంది. చర్మం పలచన, కాలేయం ఇంకా పూర్తిగా ఎదగలేదు. ఇంక్యుబేటర్ కూడా వార్డు గాలినే లోపలికి లాక్కుంటుంది. దాని ఫిల్టర్ దుమ్మును, క్రిములను ఆపుతుంది గానీ ఆవిరులను ఆపదు.

నల్ల ఫినాయిల్‌లో ఉండేవి తారు నుంచి వచ్చే ఫినాల్ జాతి రసాయనాలు. 1970లలో అమెరికాలోని కొన్ని ఆసుపత్రుల నర్సరీలలో శిశువులకు కామెర్లు అసాధారణంగా పెరిగినప్పుడు, ఊయలలను, ఇంక్యుబేటర్లను తుడిచిన ఫినాల్ జాతి మందుకు, ముఖ్యంగా దాన్ని మోతాదు మించి కలపడానికి, సంబంధం ఉందని తేలింది. బిడ్డ లోపల ఉండగా ఇంక్యుబేటర్‌ను వీటితో శుభ్రం చేయరాదని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. బిడ్డల గదికి నేను దీన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోను. (ఇంట్లో కలరా ఉండల మధ్య దాచిన పాత బట్టలను ఉతకకుండా బిడ్డకు తొడగడం కూడా ప్రమాదమే, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపమున్న శిశువులలో ఆ ఆవిరి ఎర్ర రక్తకణాలను పగలగొట్టి కామెర్లను తీవ్రం చేస్తుంది.)

బ్లీచింగ్ ద్రావణం చవక, క్రిములపై బలంగా పనిచేస్తుంది. రక్తం పడిన చోట దీని అవసరం ఉంది. అయితే మురికి మీద పోస్తే దాని శక్తి అక్కడే ఖర్చైపోతుంది కనుక ముందు తుడిచి, తరువాతే వాడాలి. మామూలు ఉపరితలాలకు 0.1 శాతం చాలు, అంటే 5 శాతం ద్రావణమైతే ఒక పాలుకు 49 పాళ్ల నీళ్లు. దాన్ని ఏ రోజుకారోజు కలుపుకోవాలి. చేతికందినంత పోసి కలిపితే క్లోరిన్ ఘాటు బిడ్డ ఊపిరితిత్తులతోపాటు రోజంతా అక్కడే పనిచేసే ఆయమ్మ గొంతునూ మండిస్తుంది. బాత్‌రూమ్ యాసిడ్ ఒలికిన చోట బ్లీచింగ్ పోస్తే క్లోరిన్ వాయువే పుడుతుంది. రెండింటినీ ఒకే బకెట్ దగ్గరకు చేర్చకూడదు.

బిడ్డ లోపల ఉన్న ఇంక్యుబేటర్‌కు మాత్రం తేలికపాటి సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డ, ఆ తరువాత మంచినీటి గుడ్డే మేలు. సబ్బు అన్ని క్రిములనూ చంపదు, కానీ పాల మరకలను, జిడ్డును, వాటితోపాటు క్రిములను చాలావరకు తీసేస్తుంది, ఆవిరి మిగల్చదు. బిడ్డ డిశ్చార్జి అయ్యాక ఇంక్యుబేటర్‌ను విడదీసి, తయారీదారు సూచించిన క్రిమిసంహారకంతో తుడిచి, కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. పారదర్శకమైన ఆ అక్రిలిక్ మూతను స్పిరిట్‌తో తుడిస్తే పగుళ్లు వస్తాయి, క్రిములు దాగేది ఆ పగుళ్లలోనే.

చేతుల విషయంలో నా ఓటు ఆల్కహాల్ హ్యాండ్‌రబ్‌కే; కంటికి కనిపించే మురికి ఉంటే మాత్రం సబ్బు తప్పదు. హ్యాండ్‌రబ్‌ను 20 నుంచి 30 సెకన్లు రుద్ది, చేతులు పూర్తిగా ఆరాకే ఇంక్యుబేటర్ కిటికీలోకి పెట్టాలి, ఎందుకంటే తడిచేతులతో వెళ్లిన ఆల్కహాల్ ఆవిరి ఆ చిన్న పెట్టెలోనే నిలిచిపోతుంది. రద్దీగా ఉన్న వార్డులో ఆ అరనిమిషం దొరకాలంటే నర్సుల సంఖ్య పెంచాలి.